అసిరయ్య వాంగ్మూలాలు

కొంకిపాలెం చుట్టుపక్కల ఎక్కడ ఏ నేరం జరిగినా అది తానే చేశానని ఒప్పుకోవడం అసిరయ్యకు అలవాటు. కోడి పోయినా అతనే, కొంప కాలినా అతనే. పోలీసులు వచ్చి అడిగేదాకా ఆగే ఓపిక కూడా ఉండేది కాదు. తెల్లారేసరికి స్టేషను కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "అది నానే సేసినాను బావు" అనేవాడు. తల మాత్రమే ఎందుకంటే, మిగతా అసిరయ్య లోపల పట్టడు. అతను డ్రాగన్.

డ్రాగన్ అన్నది దొరల మాట. ఊళ్ళోవాళ్ళు నిప్పునాగు అనేవారు, కోపం వస్తే బల్లి అనేవారు. తాతల నాడే కొండలు దిగి సముద్రపు ఒడ్డున స్థిరపడ్డ కుటుంబం. ముసురు రోజుల్లో తడిసిన చేపల మీద సన్నగా ఊది ఎండబెట్టడం అసిరయ్యకూ అతని పెళ్ళాం తాతమ్మకూ బతుకుతెరువు. తాతమ్మ ఊదితే చేప ఎండేది. అసిరయ్య ఊదితే ఒక్కోసారి వేగేది.

వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై నాలుగులో ఆ ఊరికి కొత్త సబిన్‌స్పెక్టరుగా రంగనాథం వచ్చాడు. ఒక ట్రంకుపెట్టె నిండా బట్టలు, రెండు ట్రంకుపెట్టెల నిండా అపరాధ పరిశోధన నవలలు తెచ్చుకున్నాడు. జేబులో భూతద్దం ఉండేది. ఆనవాలు దొరకాలి, ఆలోచించాలి, చివర్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి దొంగ ఎవరో చెప్పాలి. పోలీసు ఉద్యోగంలో చేరిందే అందుకు.

మొదటి వారంలోనే గంగరాజు గారింట్లో ఇత్తడి బిందె పోయింది. పెరట్లో బురదలో పాదముద్ర. రంగనాథం మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం తీశాడో లేదో, గోడ మీంచి ఒక పెద్ద ముఖం వంగింది.

"అది నానే సేసినాను బావు."

"ఇది మనిషి పాదం. ఐదు వేళ్ళున్నాయి."

"మునేళ్ళ మీద నడిసినాను."

"నీకు వేళ్ళే మూడు."

అసిరయ్య తన కాలు ఎత్తి చూసుకున్నాడు. "ఆ రోజు ఐదున్నాయి బావు" అన్నాడు.

హెడ్ కానిస్టేబులు పోతురాజు అలవాటు ప్రకారం వాంగ్మూలం రాసేసుకున్నాడు. మర్నాటికి బిందె గంగరాజు గారి గుమ్మంలో ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. రంగనాథం భూతద్దం తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

పక్క ఊళ్ళో తొంభై ఒక్క ఏళ్ళ ముసలమ్మ నిద్రలోనే పోయింది. విషప్రయోగమేమోనని రంగనాథానికి ఆశ పుట్టింది. పొద్దున్నే అసిరయ్య హాజరు.

"నానే సంపినాను బావు."

"దేంతో చంపావు?"

"ముసలితనంతోటి."

ఇంకోసారి, విజయనగరంలో ఒక నగల కొట్టు దోచుకున్నారని పేపర్లో పడింది. అదీ అసిరయ్యే. రంగనాథం పళ్ళు కొరికాడు. "ఆ సమయానికి నువ్వు ఇక్కడే, నా కిటికీలోనే ఉన్నావు. మేక దొంగతనం ఒప్పుకుంటున్నావు. రాసింది నేనే."

"అయితే మేక నాను కాదు బావు. దాన్ని కొట్టెయ్యండి, దీన్ని రాసుకోండి."

నిజానికి అసిరయ్య చేసిన నేరం ఒక్కటే ఉంది. యుద్ధం రోజులు కాబట్టి పొద్దుగూకాక ఒడ్డున దీపం కనబడకూడదని ఆజ్ఞ. ఒక సాయంత్రం అతను తుమ్మాడు. రెండు మైళ్ళ మేర తీరం పట్టపగలైంది. ఊరంతా చూసింది. దాన్ని మాత్రం ఒప్పుకోలేదు. "ఎవుడో తుమ్మినాడు బావు, నాకు జలుబే నేదు" అన్నాడు, ముక్కులోంచి పొగ కారుతుండగా.

పోనీ ఒప్పుకున్నవాణ్ణి లోపల వేద్దామా అంటే లాకప్పులో తల, ఒక భుజం పట్టేవి. మిగతాది రోడ్డు మీద పడుకునేది. తోక సంతదాకా వెళ్ళి బళ్ళు ఆగిపోయేవి. పైగా ఖైదీకి సర్కారే తిండి పెట్టాలి. అసిరయ్య ఒక పూటకి తాగే చోడి అంబలి చూసి తాసీల్దారు భయపడిపోయి, ఇతణ్ణి ఏ కారణం చేతా నిర్బంధించరాదని ఉత్తర్వు ఇచ్చాడు. నేరం ఒప్పుకున్న మనిషి కాగితం మీద ఉండగా ఇంకొకరిని పట్టుకోవడానికి లేదు. ఒప్పుకున్నవాణ్ణి ఉంచడానికీ లేదు. అలా కొంకిపాలెంలో కేసులన్నీ గూటిలో పావురాల్లా ముడుచుకుని కూర్చునేవి.

"ఈ బల్లి ఉండగా నేను దేన్నీ ఛేదించలేను" అని రంగనాథం రోజూ భోజనం దగ్గర గొణుక్కునేవాడు.

అలాంటి సమయంలో అసలైన నేరం జరిగింది. ఊళ్ళో కార్డుల మీద సర్కారు ధరకు అమ్మే కంట్రోలు గుడ్డల కొట్టు నగరేశ్వరరావు షావుకారుది. ఆ ఏడు గుడ్డకి ఎంత కరువంటే, జాలరి వీధిలో అత్తాకోడళ్ళకు ఒకే చీర. అత్త బయటికొస్తే కోడలు లోపల ఉండేది. నాలుగు నెలలకు వచ్చిన గుడ్డ బేళ్ళు కొట్లో దింపిన రెండో రోజే పోయాయి. తాళం కోసి ఉంది. షావుకారు గుండెలు బాదుకున్నాడు. మర్నాడు సర్కిల్ ఇనస్పెక్టరు స్వయంగా వస్తున్నానని, వచ్చేసరికి దొంగ ఉండాలని కబురు పంపాడు.

"ఇందులో పరిశోధనకేముందండి" అన్నాడు పోతురాజు, లాఠీకి నూనె రాస్తూ. "షావుకారు గారికి జాలరి వీధి లక్ష్ముడి మీద అనుమానం. వాడికి ఒక చెయ్యి పనికిరాదు, తిరగబడలేడు. తీసుకొస్తాను."

"ఆనవాళ్ళు?"

"నాలుగు తగిలిస్తే ఆనవాళ్ళన్నీ వాడే చెప్తాడండి."

రంగనాథానికి అది నచ్చలేదు. తన నవలల్లో ఏ పరిశోధకుడూ అలా చెయ్యలేదు. ఆగమని చెప్పి, ముందు అసిరయ్యను కదలకుండా ఉంచమని తాతమ్మను బతిమాలడానికి ఒడ్డుకు వెళ్ళాడు. అసిరయ్య లేడు. తాతమ్మ కవళ్ళ చేపల మీద సన్నగా ఊదుతోంది.

"రేపు ఒక్కరోజు మీ ఆయన నోరు మూయించు తాతమ్మా. నీకు పుణ్యముంటుంది."

"నా వల్ల కాదు బావు. పెల్లయిన కాన్నుంచీ సెప్తన్నాను, ఇంటాడేటి."

"అసలు ఏం రోగం అతనికి?"

తాతమ్మ ఊదడం ఆపింది. "నాలుగేళ్ళ కిందట మీ ముందటి ఇనస్పెట్రు బావు లక్ష్ముణ్ణి ఎత్తుకెళ్ళినాడు. పెద్దోరింట్లో ఎండి గళాసు పోనాదని. సెయ్యి ఇరిగీదాకా కొట్టినారు. గళాసు ఆలింటి అటక మీదే దొరికినాది. మా సెవులు మీ సెవుల్లాటివి కావు బావు. ఆడి అరుపు ఇంటికాడే ఇనబడినాది. మావోడు మూడు రోజులు అంబలి ముట్టనేదు. నాలుగో రోజున లేసి, నా తోలుకి లాఠీ ఏటి ఆనుతాది, ఇంకెప్పుడూ నానే సేసినాను అని ఎల్లిపోనాడు." చేపను తిరగేసి మళ్ళీ అంది: "పోనాదన్న సామాను కూడా ఆడే ఎతికి తెస్తాడు. ముక్కు మంచిది."

స్టేషను మూల విరిగిన లాఠీలు ఎందుకు అన్నేసి పడి ఉన్నాయో రంగనాథానికి అప్పటికి తెలిసింది.

అక్కడినుంచి నేరుగా కొట్టుకు వెళ్ళి, జీవితంలో మొదటిసారి ఎవరూ అడ్డం రాకుండా భూతద్దం పట్టాడు. పట్టగానే ఆనవాలు దొరికింది. చాలాసేపు దాన్ని చూస్తూ ముచ్చటపడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు. కుర్చీలో సర్కిల్ ఇనస్పెక్టరు. పక్కన షావుకారు. కింద లక్ష్ముడు, అతని పెళ్ళాం కూర్మమ్మ. వెనక పోతురాజు. ఎదురింటి కప్పు మీద గడ్డం ఆనించి అసిరయ్య. రంగనాథం ముగించేదాకా నోరు విప్పనని అతను తాతమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడు.

రంగనాథం చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేశాడు. "హంతకుడు మన మధ్యే ఉన్నాడు" అన్నాడు.

"హత్య జరగలేదండి" అని పోతురాజు గుర్తు చేశాడు.

"దొంగ మన మధ్యే ఉన్నాడు. బయటివాడు తాళం కోస్తే ఇనప పొడి గుమ్మం బయట పడాలి. పొడి లోపల గడప దగ్గర పడి ఉంది. అంటే బేళ్ళు దాచి దొంగధరకు అమ్ముకోవాలని, తాళాన్ని తాళంచెవితో తీసి, లోపల కూర్చుని, తీరిగ్గా కోశారు. తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే."

అందరూ షావుకారు వైపు తిరిగారు. షావుకారు ముఖం ముందు తెల్లబడింది, తర్వాత పచ్చబడింది, తర్వాత ఏ రంగూ తోచక ఆగిపోయింది. సర్కిల్ ఇనస్పెక్టరు తల ఊపాడు. పోతురాజు లాఠీ తీశాడు. షావుకారు మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు.

"అది నానే సేసినాను బావు" అని కప్పు మీంచి వినబడింది.

రంగనాథం పరుగున వీధి దాటాడు. "అసిరయ్యా, నీకేమైనా మతిపోయిందా? లక్ష్ముణ్ణి పట్టించబోయిన మనిషి ఈయన."

"తెలుసు బావు."

"మరి?"

"లాఠీకి ఆ సంగతి తెలదు కదా. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కూడానూ. దెబ్బ తిన్నోడు ఎవుడైనా ఒకేలాగ అరుస్తాడు బావు. నాకా అరుపు పడదు. కూడు సయించదు."

సర్కిల్ ఇనస్పెక్టరు అక్కడినుంచే కేకేశాడు. "ఏమిటంటున్నాడు? తాళం ఉండగా నువ్వు లోపలికి ఎలా వెళ్ళావు?"

"గేపకం నేదు బావు. కల్లు తాగున్నాను."

"బేళ్ళేవి?"

"తినేసినాను."

"అన్నీనా?"

"ఆకలేసినాది."

సర్కిల్ ఇనస్పెక్టరు ఆ నోటి వెడల్పు చూసి, నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. అసిరయ్య మెడ సాచి ముఖాన్ని షావుకారు ముఖానికి జానెడు దూరంలో ఆపాడు. చాలా మర్యాదగా అన్నాడు: "గానీ బావు, అవి అరగనేదు. గుడ్డ గుడ్డలాగే ఉన్నాది. రేపు పొద్దున్న మా ఈదిలో కక్కేస్తాను. కార్డులున్నోళ్ళందరికీ షావుకారు బావు కంట్రోలు ధరకే పంచీసుకోవచ్చు. ఏటి షావుకారు బావూ, అరగనేదు కదా."

"అరగలేదు" అన్నాడు షావుకారు, చెమట తుడుచుకుంటూ. "అస్సలు అరగలేదు."

"రంగనాథం" అన్నాడు సర్కిల్ ఇనస్పెక్టరు, "మరి నీ ఇనప పొడి?"

రెండు పెట్టెల నవలలు చదివి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన క్షణం అది. రంగనాథం గడప దగ్గర పొడిని చూశాడు. నేల మీద కూలబడ్డ షావుకారునీ, ఎక్కడికి పారిపోవాలో వెతుక్కుంటున్న లక్ష్ముణ్ణీ చూశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"తుప్పండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇసకదిబ్బకు అవతలి పక్కన దాచిన బేళ్ళతో షావుకారు బండి వచ్చి ఆగింది. ఇవతల జాలరి వీధి ఆడవాళ్ళు ఇంటికొకరు కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సర్కిల్ ఇనస్పెక్టరు గాలివాటుకు దూరంగా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. దిబ్బ వెనక అసిరయ్య భూమి అదిరేలా ఓకరించేవాడు. షావుకారు ఒక బేలు దొర్లించేవాడు. పోతురాజు మోసుకొచ్చి ఇవతల పెట్టేవాడు.

కూర్మమ్మ తన వంతు చీర విప్పి వాసన చూసింది. "ఏటి మావా, నీ కడుపులో గంజి ఎట్టి మడత కూడా ఎట్టినావా" అని దిబ్బ మీదుగా అడిగింది. వరసంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, కొంగులున్నవాళ్ళు.

ఉన్నట్టుండి ఓకరింతలు ఆగిపోయాయి. "అయిపోయాయా? లెక్కకు ఇంకా మూడు రావాలి" అని సర్కిల్ ఇనస్పెక్టరు అరిచాడు. రంగనాథం దిబ్బ వెనక్కి వెళ్ళి చూశాడు. అసిరయ్య ఇసకలో మెడ వాల్చేసి ఉన్నాడు.

"గొంతు పోనాది బావు" అన్నాడు గుసగుసగా. "ఇంక నా వల్ల కాదు."

రంగనాథం టోపీ తీసి పక్కన పెట్టాడు. ప్యాంటు పైకి లాక్కుని అసిరయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి, పొట్ట లోతుల్లోంచి ఒక్క పెద్ద ఓకరింత తీశాడు. వరసలో ముందున్న ముసలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

మిగిలిన మూడు బేళ్ళూ సబిన్‌స్పెక్టరు రంగనాథమే కక్కాడు.