ఒత్తులు ఊడిన శుభలేఖ

అనంతపురంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను చాలా ఏళ్లుగా శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేస్తున్నాను. ఫైలు తయారు చేసి పాతూరులోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు పంపితే వాళ్లు అచ్చు వేస్తారు. ఆ పనికి నాకున్నది ఒకటే కంప్యూటర్. పాతదే, కానీ ఒక్కనాడూ మొరాయించలేదు. అలాంటిదానికి ఒక ఎండాకాలం తెర మీద కబురు వచ్చింది. దాంట్లో ఉన్న విండోస్‌కు భద్రతా అప్‌డేట్లు త్వరలో ఆగిపోతాయట, కొత్త విండోస్‌కు ఈ మెషీన్ సరిపోదట.

కంప్యూటర్లు బాగుచేసే అంగడికి పోయి అడిగితే, ఆయన దాని మూత కూడా తీయలేదు. "ఇంగ దీన్ని తీసేసేయక్కా. కొత్తది తీసుకో" అన్నాడు. మా ఆయనదీ అదే మాట.

"బాగుండే దాన్ని ఎందుకు పారేయల్ల?" అన్నాను నేను. ఆ రోషంతోనే, విండోస్ బదులు వేసుకునే లినక్స్ వైపు పోయాను. పాత మెషీన్ల మీద కూడా చక్కగా నడుస్తుందని, ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చని విన్నాను. తీరా చూస్తే లినక్స్ అంటే ఒకటి కాదు, లెక్కలేనన్ని రకాలు. ఒక వీడియోలో ఒకాయన కొత్తవాళ్లకు ఇదే మంచిదంటాడు. కింద జనమంతా దాన్ని తిడుతూ ఇంకొకటి వేసుకోమంటారు. ఆ ఇంకొకదాని వీడియో కింద మళ్లీ అదే తిట్టు. నాకు తెలియవలసింది చిన్న సంగతి. దాంట్లో తెలుగు టైపు చేస్తే ప్రెస్‌లో సరిగ్గా కనిపిస్తుందా, లేదా? అది మాత్రం ఏ ఒక్కరూ చెప్పలేదు.

నా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసిపెట్టుకుని, ఒక రకాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మొదలుపెట్టాను. అంతా అయ్యాక వైఫై లేదు. వైఫై పనిచేయాలంటే ఒక ఫైలు కావాలట, ఆ ఫైలు ఇంటర్నెట్‌లో ఉందట. ఇంటర్నెట్ రావాలంటే వైఫై పనిచేయాలి కదా! ఆ తెర ముందు కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. చివరికి ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు తగిలించి ఆ ఫైలు తెచ్చుకోవచ్చని తెలిసింది. తెచ్చుకున్నాను. వైఫై వచ్చింది, స్పీకర్లో శబ్దం పోయింది.

దాన్ని తీసేసి ఇంకో రకం వేస్తుంటే సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యిమని అరిచి ఆగిపోయింది. దాని బ్యాటరీ మార్చాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నదే. కరెంటు వచ్చాక చూస్తే పాత విండోస్ లేదు, మొదటి రకం లేదు, కొత్తదీ లేదు. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది.

మా ఆయన వెనక నిలబడి చూశాడు. "ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకపోతే మొగం అట్లెందుకు పెట్టినావు?"

లేచి పోయి బట్టలు ఉతికాను. ఆ రోజు బట్టలు బాగా తెల్లబడ్డాయి.

మరునాడు పొద్దున్నే కరెంటు నిలకడగా ఉన్నప్పుడు అదే రకాన్ని మళ్లీ వేశాను. ఈసారి పూర్తయింది. వైఫై వచ్చింది, శబ్దమూ వచ్చింది. కంప్యూటర్ చిటికెలో తెరుచుకుంటోంది. నా వేళ్లకు అలవాటైన తెలుగు కీబోర్డు కూడా సెట్టింగుల అడుగున ఎక్కడో దొరికింది. టైపు చేసి చూస్తే ఒత్తులన్నీ ముచ్చటగా కుదురుకున్నాయి. ఆ పూట ఎంత సంతోషించానో చెప్పలేను.

సాయంత్రం నా పాత శుభలేఖ ఒకటి తెరిచాను. తెలుగు లేదు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల చోట కూర్చోబెట్టి ఉంటారు. విండోస్‌లోనే నడిచే ఆ ఫాంటు లేకపోతే లోపలిది బయటపడుతుంది. ఇన్నేళ్ల నా పనంతా ఆ అవతారంలో కనిపించేసరికి ఫైలు ఠక్కున మూసేశాను.

ఇంతలో నల్లమాడ నుంచి ఒక రైతు కూతురి పెళ్లి కార్డు కోసం వచ్చాడు. పాతవి పనికిరావు కాబట్టి మొదటి నుంచి కొత్తగా టైపు చేసి ప్రెస్‌కు పంపాను. గంటలో ప్రెస్ యజమాని ఫోన్ చేశాడు. ముస్లిం ఆయన. తెలుగు అక్షరం విషయంలో నాకంటే పట్టుదల ఎక్కువ.

"ఏందమ్మా ఇది? 'నిశ్చయించడమైనది'లో చ ఒత్తు యాడికి పోయె? శ పొల్లు ఒక పక్క, చ ఒక పక్క నిలబడిండాయి. 'ముహూర్తం' చూస్తే అదీ అట్లే ఉండాది."

"నా దగ్గర బాగానే కనిపిస్తాంది కదన్నా."

"నీ దగ్గర బాగుంటే ఏం లాభం? అచ్చేసేది ఈడ."

ఆయన పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్ పాతది, ఇప్పుడు ఫోన్లలో వాడే కొత్త పద్ధతి తెలుగు, యూనికోడ్, దానికి అర్థం కాదు. పీడీఎఫ్ చేసి పంపాను. బాగుందన్నాడు. హమ్మయ్య అనుకునే లోపే పెళ్లికూతురి నాయన ప్రెస్ నుంచే ఫోన్ చేశాడు.

"మా చిన్నాయన పేరు ఇడిసిపెట్టినాం తల్లీ. ఆయప్ప అలిగితే పెండ్లికి రాడు."

పీడీఎఫ్‌లో ప్రెస్‌వాళ్లు దిద్దలేరు. నేనే దిద్ది పంపాను. తర్వాత ఆ పేరు అన్నిటికంటే పైన ఉండాలన్నారు. ఆ తర్వాత మేనమామ పేరుకు ముందు 'శ్రీ' లేదన్నారు. మునుపైతే ఇవన్నీ ప్రెస్‌లోనే నిమిషంలో అయిపోయేవి. ఇప్పుడు ప్రతి అక్షరానికీ నేను వంట ఆపి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాలి.

కార్డులు బాగానే వచ్చాయి, చిన్నాయన కూడా అలగలేదట. కానీ ప్రెస్ ఆయన తేల్చి చెప్పేశాడు. "ఇట్లయితే నాతో కాదమ్మా. పాతదాంట్లోనే చేసియ్."

ఇంకో ఆదివారం దానికే పోయింది. డిస్కులోని జాగాను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కలో పాత విండోస్ మళ్లీ వేసి, అప్‌డేట్లు రావు కాబట్టి దానికి ఇంటర్నెట్ తగలనివ్వకుండా ఉంచాను. ప్రెస్ పని అందులో, మిగతా అన్ని పనులూ లినక్స్‌లో. అందులోంచి ఇందులోకి రావాలంటే ప్రతిసారీ కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి. కార్డు దిద్దుతుండగా ఎవరైనా మెయిల్ చూడమంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

"ఇప్పుడన్నా సుఖంగా ఉండాదా?" అని మొన్న మా ఆయన అడిగాడు.

"కొత్తది మాత్రం కొననులే" అన్నాను.