చీటీల పిన్ని కట్టిన పట్టీ

ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ వెనక పిన్ని కూర్చుని పందొమ్మిదేళ్ళు. ఆవిడ అందరికీ పిన్నే. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వరసలు గాలికొదిలేసి అలాగే పిలిచేవారు. పేరు, వయసు, బాధ అడిగి చీటీ రాసివ్వడం ఆవిడ ఉద్యోగం. అంతకుమించి అడగమని ఎవరూ చెప్పలేదు గానీ, ఊరుకుంటే ఆవిడ పిన్ని ఎందుకవుతుంది?

"తలనొప్పా? మీ ఆయనతో గొడవపడ్డావా, సముద్రం వైపు కిటికీ తీసి పడుకున్నావా?" అని కూపీ లాగేది.

లాగగా లాగగా ఒక సంగతి బయటపడింది. సముద్రంలో, కనుచూపు మేరలోనే ఒక చమురు బావి ఉంది. గాలి అటునుంచి వీచిందంటే మర్నాడు ఆసుపత్రి క్యూ గేటు దాటేది. తలనొప్పులు, కళ్ళమంటలు, పిల్లల దగ్గులు. డాక్టరుతో చెబితే ఆయన నవ్వేశాడు.

"చీటీలు నువ్వు రాయి పిన్నీ, మందులు నేను రాస్తా."

ఆ ఏడే ఒక పరిశోధకురాలు వచ్చింది. బావి దగ్గర భద్రత ఎలా ఉంది, తీరంలో బతికే జీవాలకేమవుతోంది, జనం ఒంట్లో ఎలా ఉంది, ఈ మూడింటికీ లంకె ఏమిటి అన్నది ఆమె పని. పొద్దున్నే రాళ్ళకంటుకున్న ఆల్చిప్పలు గీకి తీసుకెళ్ళేది. అవి నీళ్ళు వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి నీళ్ళలో చమురుంటే వాటి కడుపులో దొరుకుతుంది. మనుషులకైతే రబ్బరు పట్టీలు. వారంపాటు చేతికుంటే గాలిలోని చమురు ఆవిర్లు అందులోకి ఇంకుతాయి. అలాంటివి అరవై పంచింది.

వారం తిరిగేసరికి ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఒక తాతగారు కొత్త వస్తువు మాసిపోతుందని బీరువాలో దాచారు. ఒక అత్తగారు రంగు బాగుందని కోడలి పట్టీ కూడా లాక్కుని రెండు చేతులకీ తొడుక్కున్నారు. ఒకటి కుక్క మెడలో దొరికింది.

"ఇంటింటికీ వెళ్ళి చెప్పానండీ, అందరూ తలూపారు" అంది పరిశోధకురాలు.

"తలూపడానికేం, ఫ్యానూ ఊపుతుంది. ఈసారి నన్ను పంచనీ" అంది పిన్ని.

పిన్ని కట్టిన పట్టీ విప్పే ధైర్యం ఎవరికుంది? ఎవరి గుట్టు ఏమిటో అన్నీ ఆవిడకి తెలుసు. కొత్తగా తెప్పించిన అరవైలో యాభై తొమ్మిది జనం చేతులకి కట్టేసింది. చివరిది మాత్రం అట్టేపెట్టింది.

చమురు కంపెనీ సేఫ్టీ ఆఫీసరు జనానికి ధైర్యం చెప్పడానికి రేవులోని తమ ఆఫీసులో సమావేశం పెట్టాడు. గోడమీద పెద్ద బోర్డు: 'ప్రమాదం లేని రోజులు: 612'. దానికింద నిలబడి, ఆవిర్లూ లేవు, లీకులూ లేవు అని అరగంట చెప్పాడు. పిన్ని వినయంగా లేచింది.

"సార్, మీరూ ఒకటి కట్టుకుంటే మావాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. మీది ఎలాగూ శుభ్రంగానే వస్తుందిగా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ముచ్చటపడి, పరీక్షకి ఒప్పుకుంటున్నానన్న కాగితం మీద సంతకం చేసి చెయ్యి చాపాడు. పెళ్ళికూతురికి గాజు తొడిగినంత జాగ్రత్తగా పిన్ని పట్టీ తొడిగింది.

ఫలితాలు వచ్చిన రోజు అదే గదిలో పరిశోధకురాలు ఎవరి కవరు వాళ్ళకిచ్చింది. "ఇంటికెళ్ళి చూసుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు" అంది. ఆఫీసరుకి అంత ఓపిక ఎక్కడిది! అక్కడే చింపాడు.

"అందరికీ వినబడేలా చదవండి సార్" అంది పిన్ని.

ఆయన గట్టిగా చదివేశాక గానీ అర్థం చూసుకోలేదు. అరవై పట్టీల్లోనూ ఆయనదే ఎక్కువ. వారానికి మూడుసార్లు బావి దగ్గరికి వెళ్ళి, ఓడలకి చమురెక్కించే గొట్టం పక్కనే నిలబడేది ఆయనే మరి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఈ క్షణం కోసమే వారాల తరబడి కాచుక్కూర్చున్న పిన్నికి మాత్రం తీరా నవ్వు రాలేదు. ఆయన ఆ కాగితాన్నే మడిచి, విప్పి, మళ్ళీ మొదట్నించీ చదువుకుంటున్నాడు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఏడిపిద్దామనుకున్నా గానీ భయపెడదామనుకోలేదు బాబూ."

"మా అమ్మాయి రోజూ నా చొక్కా పట్టుకునే నిద్రపోతుందండీ" అన్నాడాయన.

మర్నాడు ఆయన బావి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని ఆ గొట్టం అతుకు తడిమాడు. గుడ్డ చుట్టి ఉంది. పిండితే చమురు కారింది. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎన్నాళ్ళుగా?"

"ఎనిమిది నెలలు సార్. లీకని రాస్తే బోర్డు సున్నాకొస్తుందని... మీరు బాధపడతారని..."

ఆయన రేవుకి తిరిగొచ్చి తన చేత్తోనే 612 తుడిచి సున్నా రాశాడు. పైవాళ్ళు పిలిపించి చెడామడా తిట్టారట. తన ఫలితం కాగితం బల్లమీద పెట్టి, "ఇది నా ఒళ్ళు సార్" అన్నాడట. అతుకు మార్చడానికి నెల పట్టింది. లీకు చెప్పినవాడికి మాట రాకూడదన్న పద్ధతి రావడానికి ఇంకో ఆరు నెలలు.

అతుకు మారాక మళ్ళీ కట్టిన పట్టీల్లో ఆవిర్లు సగానికి సగం తగ్గాయి. దగ్గులన్నీ మాయం కాలేదు. చివరి వీధిలో ఇద్దరు పిల్లలకి ఇంకా మందులు నడుస్తున్నాయి. డాక్టరు మాత్రం పొద్దున రాగానే కిటికీ దగ్గర ఆగి, "ఇవాళ ఎలా ఉంది పిన్నీ?" అని అడగడం మొదలెట్టాడు.

ఆల్చిప్పల్లో చమురు తగ్గింది, ఇక తినొచ్చని కబురొచ్చిన రోజు పిన్ని బుట్ట నింపుకుని రాళ్ళమీంచి దిగుతోంది. పరిశోధకురాలు అడ్డం నిలబడింది.

"పరీక్షకి నలభై కావాలండీ."

"ఇరవై తీసుకో. ఎలా ఉన్నాయో మిగతావి నేను వండి చెప్తాగా."

ముప్పై దగ్గర బేరం తెగింది.