మిషను తెచ్చిన కుంచం

పెనాంగ్‌లో నేనూ మా ఆవిడా అద్దెకు దిగిన ఇంటి యజమాని పేరు అప్పన్న. అతని తాత పాలకొండ వైపు నుంచి మలేషియా రబ్బరు తోటల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడట. అప్పన్న మన నేల ఎన్నడూ చూడలేదు గానీ మాట మాత్రం అచ్చంగా మనదే.

ఇంకో రెండు రోజులు ఉంటామంటే కార్డు మిషను నా ముందు పెట్టాడు. అక్కడి డబ్బు రింగిట్లలో కడతారా, మన రూపాయల్లోనా అని అది అడిగింది.

“రూపాయిలే నొక్కు మావా, నీకు లెక్క తెలుస్తాది,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా చిన్నప్పుడు గజపతినగరం సంతలో ఒక షావుకారు కూడా ఇలాగే, మీకెందుకు శ్రమ అంటూ తన కుంచంతో మా నాన్న ధాన్యం కొలిచేవాడు. ఇంటి దగ్గర పది కుంచాలైన ధాన్యం అక్కడ తొమ్మిదే అయ్యేది.

“ఒరే అప్పన్నా, రూపాయిల్లోకి మార్చీది ఎవుడు? ఈ మిషనోడు. కుంచం ఆడిది. రింగిట్లు నొక్కితే మా బ్యాంకోడు మారుస్తాడు. ఆడూ కొంత తింటాడు గానీ ఇంత కాదు.”

“మిషనుకి కుంచమేటి మావా,” అని నవ్వుతూ ఫోనులో ఆ రోజు రేటు చూసి లెక్క కట్టాడు. నవ్వు ఆగిపోయింది. రూపాయల్లో కడితే మా ఇద్దరి ఒక పూట భోజనం ఖర్చు అదనంగా పోతుంది.

“ఇందులో నాకు పైసా రాదు మావా,” అన్నాడు చిన్నబోయి.

రింగిట్లే నొక్కాను.

మర్నాడు విశాఖ నుంచి ఒక కుటుంబం దిగింది. అప్పన్న మిషను వాళ్ల ముందు పెట్టి, “రూపాయిలు నొక్కకండి బాబూ, అది ఆడి కుంచం,” అన్నాడు. వాళ్లు తెల్లముఖాలు వేశారు.

వరండాలో టీ తాగుతున్న నా వైపు తిరిగి, “సెప్పు మావా,” అన్నాడు.

షావుకారు దగ్గర నుంచి మొదలుపెట్టాను.