జాలీ అల్మారాలో దుడ్డె

ఆ రోజుల్లో డిగ్రీ పాసైనవాడికి ఉద్యోగం దొరకడం కష్టంగానీ, ఇంట్లో పని దొరకడం ఏమాత్రం కష్టం కాదు. బి.ఏ. చదివినవాడు గల్లీలో అందరి అర్జీలూ రాసిపెట్టాలి. బి.కాం. వాడు అందరి కరెంటు బిల్లులూ చూసిపెట్టాలి. నేను చదివింది బి.ఎస్సీ. జువాలజీ. కాబట్టి మొఘల్‌పురాలో మా గల్లీలో ఏ కోడి కునికినా, ఏ మేక దగ్గినా నాకే కబురొచ్చేది. కాలేజీలో నేను చూసిన జంతువుల్లో ముప్పాతిక వంతు సీసాల్లో మందునీళ్లలో తేలుతూ ఉండేవని, వాటికి జబ్బు చేసే అవకాశమే లేదని ఎంత చెప్పినా ఎవరూ వినేవారు కాదు. చదువయ్యాక బేగంబజార్‌లో ఒక స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో చేరాను. పొద్దంతా గిన్నెలు ఎంచి, మూటలు కట్టించి, ఆ మోతంతా చెవుల్లో పెట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. ఇరవై రెండేళ్లవాణ్ణి, అయినా ఆ కాలాన్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది అలసటే. (ఇప్పుడు ఇంత వయసొచ్చినా అంత అలసట లేదు. నా వంతుదంతా అప్పుడే వాడేసుకున్నట్టున్నాను.)

మాది పాల వ్యాపారం చేసిన ఇల్లు. పాలు పోసి రావడం మా బాపు పని. బర్రెలు మాత్రం పూర్తిగా పెద్దబాపువి. ఆయన మా బాపుకు అన్న. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "చేస్కుంటే బర్రెలనెవడు జూస్తడు?" అనేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఊరు పెరిగిపోయింది, గల్లీల్లో బర్రెలు ఉండొద్దన్నారు. ఒకదాని తర్వాత ఒకటి అమ్మేశాం. బాపు సైదాబాద్‌లో ఒక పాలబూత్ చూసుకోవడానికి పొద్దున్నే వెళ్లిపోయేవాడు. పెద్దబాపు ఖాళీ కొట్టంలో, ఖాళీ గాటి ముందు కూర్చునేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. మనిషి చూస్తుండగానే తగ్గిపోతున్నాడని ఇంట్లో అందరికీ బెంగగా ఉండేది. ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. మా అమ్మ తన బావగారితో నేరుగా మాట్లాడదు. ఆయనా మరదలితో మాట్లాడడు. అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా సరే, మాట నా మీదుగా పోవాల్సిందే. "మీ పెద్దబాపును ఇంకింత కూర ఏస్కొమ్మను" అనేది అమ్మ. "సాలని చెప్పు మీ అమ్మకు" అనేవాడాయన. నేను మధ్యలో అన్నం కలుపుకుంటూ, "సాలట" అని తిరగేసి చెప్పాలి. గిన్నెల దుకాణంలో ఒక ఉద్యోగం, ఇంట్లో ఈ టపా ఉద్యోగం. రెండోదానికి ఆదివారం కూడా సెలవు లేదు.

ఇలా ఉండగా ఒక పొద్దున పెద్దబాపు చంకలో పచ్చిగడ్డి మోపుతో వచ్చాడు. బర్రెలు లేకపోయినా కాళ్లు అలవాటుగా గడ్డి మండీకి తీసుకుపోయాయట. అంతదూరం పోయి వట్టి చేతులతో ఎలా వస్తానన్నాడు. ఆ మోపు విప్పితే అందులోంచి ఒక ఊసరవెల్లి బయటికొచ్చింది. ఒక అడుగు ముందుకేసి, ఆలోచించి, సగం అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు ఊగింది. ఒక కన్ను అమ్మ మీద, ఒక కన్ను నా మీద పెట్టింది. "అమ్మో, తొండ! పారెయ్యమనురా!" అని అమ్మ గోడకు అతుక్కుపోయింది. పెద్దబాపు దానికి చూపుడువేలు అందించాడు. అది నెమ్మదిగా వేలు పట్టుకుని ఎక్కి కూర్చుంది. బర్రెలు పోయాక మేం చూడని నవ్వు ఆయన ముఖంలో కనిపించింది. "దీన్ని నేను సాకుతా" అన్నాడు. అమ్మ తెరిచిన నోరు మూసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. జువాలజీ చదివినందుకు అంతగా బాధపడిన రోజు ఇంకోటి లేదు. (ఇలాంటి జీవుల్ని ఇంట్లో పెట్టుకోవడం చట్టం ఒప్పదని మాకప్పుడు తెలియదు. చదివేవాళ్లెవరూ మమ్మల్ని చూసి మొదలుపెట్టకండి.)

పెద్దబాపుకు తెలిసిన సాకుడు ఒక్కటే. దానికి దుడ్డె అని పేరు పెట్టాడు. బర్రెపిల్లను మేం అలా పిలుస్తాం. నడుముకు మెత్తటి నూలుదారం కట్టి కొట్టంలో గుంజకు కట్టేశాడు. ముందు తౌడు, నానబెట్టిన పల్లిచెక్క, ఒక బకెట్టు నీళ్లు పెట్టాడు. పొద్దుగూకగానే దోమలు కుట్టకుండా వేపాకు పొగ వేశాడు. నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆ పచ్చటి ప్రాణి బొగ్గులా అయిపోయి, రెండు కళ్లూ రెండు దిక్కులకు తిప్పుతూ సాయం కోసం చూస్తోంది. "ఎందుకురా గిట్ల నల్లగైంది? సూడి మీదున్నదా ఏంది?" అని అడిగాడు పెద్దబాపు. నేను దారం విప్పి, పొగ ఆర్పి, అటక మీది పాత పుస్తకాలు దింపాను. "దీని ఒంట్ల వేడి ఉండదు పెద్దబాపూ, బయటినుంచి మనమే ఇయ్యాలె. దీనికి పురుగులు గావాలె, తౌడు గాదు" అని చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి పాలు పట్టకపోతే ఎదుగుతదా?" అన్నాడు.

ఇల్లు కావాలి, దీపం కావాలి. ఇంటికోసం నా కన్ను అమ్మ జాలీ అల్మారా మీద పడింది. పిల్లులు పాలు ముట్టకుండా నాలుగు వైపులా ఇనుపజాలీ కొట్టిన చెక్క అల్మారా అది. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్లగిన్నెలు కూడా ఉండేవి. ఊసరవెల్లి కోసమే ఎవరో చేయించినట్టుంది. "నా పెరుగు యాడ పెట్టుకోవాలె? తొండను అండ్ల పెడితే ఇగ నేనా అల్మారా ముట్ట" అంది అమ్మ. "పెరుగు పెట్టుకోను ఇంకో జాగ సూస్కొమ్మను" అన్నాడు పెద్దబాపు. నేను ఇద్దరికీ ఇద్దరి మాటలూ చేరవేసి, ఆలోగా అల్మారాను కొట్టంలోకి ఈడ్చుకుపోయాను. లోపల వేపకొమ్మలు కట్టి, హోల్డర్ దింపి ఒక బల్బు వేలాడదీశాను. దుకాణానికి బయల్దేరుతూ వెనక్కి చూస్తే దుడ్డె బల్బు దగ్గరికి పోయి చెయ్యి చాపుతోంది. బల్బు కింద సన్నగా పొగ లేస్తోంది. నేను చూడనప్పుడు పెద్దబాపు లోపల మెత్తగా ఎండుగడ్డి పరిచాడు! పరుగెత్తి స్విచ్ ఆపాను. ఆయన నిదానంగా, "ఉండనియ్యిరా, పొగుంటే దోమలు రావు" అన్నాడు.

ఇక నా వల్ల కాదని మా గల్లీ చివర పెళ్లిళ్లకు లైటింగ్ పెట్టే భాయ్‌ని పిలిచాను. ఆయన అల్మారా చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, "గిర్గిట్ కే వాస్తే లైటింగ్? ఊసరవెల్లికా?" అని నవ్వి, పెద్దబాపు ముఖం చూసి నవ్వాపి, "ఫికర్ నక్కో చాచా. ఫస్ట్‌క్లాస్ చేస్త" అన్నాడు. సాయంత్రం నేను వచ్చేసరికి మా కొట్టంలో పెళ్లి జరుగుతున్నట్టుంది. అల్మారా నిండా ఎర్రవి, పచ్చవి, నీలివి బుల్లి బల్బులు ఒకదాని వెంట ఒకటి పరుగెడుతున్నాయి. ముందు రెండు జరీ తోరణాలు. లోపల దుడ్డె ఒక కన్నుతో ఎర్రబల్బు వెంట, ఒక కన్నుతో పచ్చబల్బు వెంట పోయి పోయి, చివరికి నోరు తెరిచి నల్లగా మాడిపోయి కూర్చుంది. ఏ రంగుకు మారాలో తెలియక అలిసిపోయిందని గల్లీలో అందరూ అన్నారు. నేను దుకాణం నుంచి అలాగే వచ్చేవాణ్ణి కాబట్టి దాని బాధ నాకు బాగా అర్థమైంది. "భాయ్, దీనికి దావత్ వద్దు, ఎండ గావాలె. పైన వేడి ఉండాలె, కింద సల్లగ ఉండాలె, వైరుకు అది తాకొద్దు" అని బతిమాలాను. ఆయన చిన్నబుచ్చుకుని, "పహ్లే బోల్నా థా, ముందుగాల చెప్పొద్దా" అని తోరణాలు విప్పేశాడు. పైచెక్క తీసేసి అక్కడ జాలీ కొట్టాం. ఆ జాలీకి జానెడు ఎత్తున, బయట, ఒకే ఒక్క మామూలు బల్బు పెట్టాం. పెద్దబాపు కొట్టం మూలలోంచి పాత పాలక్యాను మూత తెచ్చి ఇస్తే దాన్నే బల్బుకు గొడుగులా బిగించాం. వెలుతురంతా కిందికి దిగింది. దుడ్డె పైకొమ్మ ఎక్కి ఒళ్లు పలచగా చేసుకుని వేడికి ఆనించింది. చూస్తుండగానే పచ్చబడింది. ఆ రాత్రి పెద్దబాపు రెండు రొట్టెలు తిన్నాడు. "ఇంకోటి కావాల్నా అడుగు" అంది అమ్మ, అప్పటికే మూడోది పెనం మీద వేస్తూ.

అక్కడితో నా కష్టాలు తీరాయనుకుంటే పొరపాటే. బకెట్లో నీళ్లు అది ముట్టదు. ఆకుల మీద చుక్కలుంటేనే నాకుతుంది. గంటగంటకూ నీళ్లు చల్లే ఓపిక లేక, తెలిసిన కాంపౌండర్‌ను అడిగి సెలైన్ ఎక్కించే గొట్టం తెచ్చాను. సీసాలో మంచినీళ్లు పోసి, తలకిందులుగా కట్టి, ఒక్కో చుక్కా ఆకు మీద పడేలా తిప్పిపెట్టాను. కిటికీలోంచి ఆ సీసా ఎవరు చూశారోగానీ, మా పెద్దబాపుకు సెలైన్ ఎక్కిస్తున్నారని గల్లీ అంతా పాకింది. తెల్లారేసరికి బ్రెడ్డు ప్యాకెట్లు, మోసంబీలు పట్టుకుని జనం వచ్చేశారు. "ఎట్లున్నది చాచా?" అని ఒకాయన దిగులుగా అడిగితే, "ఇయ్యాల మంచిగ మింగింది, నాలుగు మిడతలు" అన్నాడు పెద్దబాపు. అడిగినాయన లేచి, బ్రెడ్డు అక్కడే పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ మిడతలు పట్టేది నేనే. మూసీ ఒడ్డున గడ్డి కనిపించిన చోటల్లా సైకిల్ దిగి, పోయేవాళ్లు నవ్వుతుంటే గెంతుతూ, మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో వేసుకొచ్చేవాణ్ణి. ఒకసారి ఆ డబ్బా దుకాణంలో తెరుచుకుంది. టిఫిన్ గిన్నెల దొంతరలోంచి మిడతలు ఎగురుతుంటే మా సేఠ్ ముఖం ఎలా ఉందో చెప్పను. ఉద్యోగం మాత్రం పోలేదు.

తర్వాత చలికాలం ముదిరింది. మా ఇల్లు పాతకాలపుది, మందపు గోడలు. కొట్టంలోకి ఎండ రాదు. బల్బుతోనే ఎలాగో నెట్టుకొస్తుంటే గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రేపొస్తుంది, రేపొస్తుంది అంటూనే ఉన్నారు, కరెంటు రాలేదు. దుడ్డె నల్లబడి కిందికొమ్మకు దిగిపోయింది. పట్టపగలే కళ్లు మూసుకుంది. మిడతను ముందు పెట్టినా తెరవలేదు. పెద్దబాపు మళ్లీ పాత పద్ధతిలో, అల్మారా ముందు మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. కంచం తోసేశాడు. "అదిబోతే ఈయన గూడ మనకు దక్కడురా" అంది అమ్మ, వంటింట్లో, నాకు మాత్రమే వినిపించేలా. ఆ పొద్దున దుకాణానికి పోయానేగానీ ఒక్క గిన్నె కూడా సరిగా ఎంచలేకపోయాను. "ఘర్ మే దుడ్డె బీమార్ హై, సేఠ్" అని, ఇంట్లో దుడ్డెకు బాగాలేదని పూట సెలవడిగాను. "భైంసే తో బేచ్ దియే థే నా?" అన్నాడు సేఠ్, బర్రెల్ని అమ్మేశారు కదా అని అయోమయంగా. వివరించే ఓపిక లేదు. ఒక ఇనుప కుంపటి, సంచీడు బొగ్గులు కొని, సైకిల్‌కు కట్టుకుని ఇంటికి పరుగుపెట్టాను.

కొట్టంలో అల్మారా తలుపు తెరిచి ఉంది. దుడ్డె లేదు. పెద్దబాపు కూడా లేడు. అది చచ్చిపోయిందని, దాన్ని పట్టుకుని ఈయన ఎటో వెళ్లిపోయాడని అనుకున్నాను. బొగ్గు చేతులతోనే "అమ్మా!" అని అరుస్తూ వాకిట్లోకి వస్తే, అమ్మ పిండి చేతులతో మిద్దె వైపు తలెత్తి నిలబడి ఉంది. మా మిద్దె మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో పెద్దబాపు అవి ఎక్కడం మానేసి చాలా ఏళ్లయింది. అలాంటిది, పైన పిట్టగోడకు ఆనుకుని ఎండలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బట్టతల మెరుస్తోంది. భుజం మీద దుడ్డె. ఒక పక్క ఇంకా నల్లగానే ఉంది, ఎండ తగిలే పక్క మాత్రం లేత చిగురులా పచ్చబడుతోంది. రెండు కళ్లూ తెరుచుకుని, ఒకటి చార్మినార్ వైపు, ఒకటి మా వాకిట్లోకి చూస్తోంది. పెద్దబాపు కిందికి వంగి చూశాడు. నేను కనిపించాను. కానీ ఆయన నా వైపు చూడలేదు.

"ఓ అమ్మా, ఆకలైతున్నది. రెండు రొట్టెలు పంపు" అన్నాడు, నేరుగా మా అమ్మతో.

అమ్మ అలవాటుగా నా వైపు తిరిగింది, నోరు తెరిచింది. అంతలోనే మళ్లీ తలెత్తి, "తెస్తున్న బావా, మెల్లగ కూసో, అంచుకు రాకు!" అని కేకేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పరుగెత్తింది. కుంపటి, బొగ్గులు, జువాలజీ, అన్నీ చేతిలో పట్టుకుని నేను వాకిట్లో అలాగే నిలబడ్డాను. ఆ పూటతో ఇంట్లో నా ఉద్యోగాలు రెండూ పోయాయి, టపా పనీ, దుడ్డె వైద్యమూ. నన్నెవరూ ఏమీ అడగలేదు. గడపలో కూర్చుని హాయిగా నిద్రపోయాను.

కరెంటు వచ్చాక కూడా పెద్దబాపు రోజూ దుడ్డెను మిద్దెకెక్కించేవాడు. ఎండలు ముదిరాక ఒక తెల్లవారుజామున ఇద్దరం ఊరి బయట పచ్చటి తుమ్మచెట్ల దగ్గరికి తీసుకుపోయి వదిలాం. అది ఒక అడుగు ముందుకేసి, సగం వెనక్కి వేసి, అలాగే ఊగుతూ ఆకుల్లో కలిసిపోయింది. "మేపుకొని బతుకుతది" అన్నాడు ఆయన. ఆ తర్వాత కూడా మిద్దె ఎక్కడం మాత్రం మానలేదు, పోయేదాకా. అమ్మ ఆ అల్మారాను రెండుసార్లు బూడిదతో, మూడోసారి సబ్బుతో కడిగి పెరుగు పెట్టుకుంది.

మొన్న డాక్టరు నా రక్తపరీక్ష చూసి, ఇన్ని మాత్రలెందుకు, రోజూ కాసేపు ఎండలో కూర్చోండి అన్నాడు. అప్పటి నుంచి పొద్దున్నే డాబా మీద కుర్చీ వేసుకుని, చొక్కా విప్పి, ముందు ఒక పక్క, తర్వాత ఇంకో పక్క ఎండకు తిప్పుకుంటున్నాను. దుడ్డె కూడా సరిగ్గా ఇలాగే చేసేదని గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటాను. బొగ్గుసంచీతో వాకిట్లో నిలబడ్డ ఆ అలసిపోయిన కుర్రాణ్ణి పైకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. కింద నుంచి మా ఆవిడ, "ఇంకెంతసేపండీ, చాయ్ సల్లారిపోతుంది!" అని పిలుస్తుంది.

"ఆగు, ఇంకో పక్క పచ్చబడాలె" అంటాను.