నా వంతు ద్రాక్షరసం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన చేయి పోయాక అది ముక్కు దిగి గుండెలోకి పోయింది. రెండేళ్ళు అక్కడే కాపురం చేసింది.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. మా ముత్తాతల కాలంలో తెల్లదొరలు కట్టించిన చిన్న రాతి చర్చి, దాని చుట్టూ మా ఇళ్ళు. నేను ఆ ఊరి బడిలోనే టీచరును, మా ఆయనది సేద్యం. పార్టీ అంటే మా ఊళ్ళో జెండా ఒక్కటే కాదు, ఎవరింట్లో నీళ్ళు తాగొచ్చు, ఎవరింట్లో తాగకూడదు అనేది కూడా పార్టీయే. అవతలి పార్టీ ఇంట్లో పచ్చి నీళ్ళు ముట్టం. పెళ్ళికి పోయినా గొంతు తడుపుకోకుండా తిరిగొచ్చేస్తాం. ఏం కలిపి ఇస్తారోనని భయం. ఆ భయానికి రోషమని పేరు పెట్టుకున్నాం.

ఒక ఎన్నికల రోజు మా ఆయన పోలింగు బూత్‌లో మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం బాంబు పడింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి మణికట్టు దాకా పోయింది. విసిరినవాడు ఎవడో పరాయివాడైతే నాకు అంత మండేది కాదేమో. మా ఎదురింటివాడు. నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నవాడు. వాళ్ళమ్మను నేను అక్కా అని పిలిచేదాన్ని. పార్టీలు వేరైనా ఆ పట్టింపు లేకుండా నా రెండు కాన్పులకూ నాకు పథ్యం వండిపెట్టింది ఆమే. వాడు జైలుకు పోయాడు, నేను ఆమె ముఖాన తలుపు వేసేశాను. మా ఆయననూ వాణ్నీ ముందుకు తోసిన రెండు పార్టీల పెద్దమనుషులు మాత్రం ఏడాది తిరక్కముందే ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారట. మా ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్న రోజులవి. ఆ మాట వినగానే చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాను.

చర్చిలోనూ చీలిపోయాం. మా పార్టీ తలుపు వైపు, వాళ్ళు కిటికీల వైపు. నెలకొక ఆదివారం ప్రభు సంస్కారమని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మా దగ్గర ద్రాక్షరసం కొనేది లేదు. నెలకొక ఇంటి వంతు. ప్రొద్దుటూరు అంగడి నుంచి ఎండు ద్రాక్ష తెప్పించి, నానబెట్టి, కాచి, గుడ్డలో వేసి పిండాలి. ఆ రసం అందరూ ఒకే గిన్నెలో తాగాలి. బాంబు పడ్డాక ఒకరింటి రసం ఇంకొకరు తాగేది లేదన్నారు. చివరికి మా పాస్టరు అయ్యగారే తన ఇంట్లో చేయించి తెచ్చేవారు.

నేను ఆ గిన్నె దగ్గరికే పోవడం మానేశాను. పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి పోకూడదని చిన్నప్పుడు మా నాయన చెప్పాడు. అబద్ధంగా మోకాళ్ళూనడం కంటే చాప మీద కూర్చోవడమే నయమనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో గర్వం కూడా ఉంది. దేవుడే వచ్చి నన్ను బతిమాలాలని కూర్చున్నాను. ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటే మాట పెగిలేది కాదు. రెండేళ్ళు నా నోరు ఎండిపోయింది.

అలా ఉండగా అయ్యగారి భార్య జబ్బుపడి, పులివెందులలోని పుట్టింటికి పోయింది. వంతులు ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెడుతున్నామని అయ్యగారు చర్చిలో చెప్పారు. ఆగింది మా ఇంటి దగ్గర.

“నేను తీసుకునేదే మానేసినా గదయ్యగారూ, నాతో ఎట్లా చేయిస్తారు?” అన్నాను విసురుగా.

“తీసుకోవద్దులేమ్మా. చేసియ్యి, చాలు,” అని ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన నవ్వాడు. “నీ చేతి రసం వాళ్ళు తాగుతారా? కిటికీల పక్కోళ్ళు ఒక్కరు గూడా లేయరు, చూస్తాండు.”

శనివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని రసం పిండుతున్నాను. అటక మీద పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బా కనబడింది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ రోజు మాత్రం నా కళ్ళు దాని మీద నిలిచిపోయాయి. నేను అంత పని చెయ్యనని నాకు తెలుసు. అయినా నిలిచాయి. రసం మోచేతి దాకా కారేంతసేపు అలాగే చూశాను. ఛీ, నా బతుకు చెడ! వాడు విసిరాడు, నేను విసరలేదు, అంతే కదా తేడా అనిపించింది. మా ఆయనను పిలిచి, ఆ డబ్బా తీసుకుపోయి చేనికాడ పెట్టి రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. గుడ్డ విదిలించి మళ్ళీ పిండటానికి కూర్చున్నాను.

ఆదివారం అయ్యగారు గిన్నె ఎత్తి అందరినీ పిలిచారు. కిటికీల వైపు ఎవరూ లేవలేదు. వాళ్ళను చూసి మా వైపువాళ్ళూ ఆగిపోయారు. తలవంచుకుని కూర్చున్నాను. అప్పుడు ఎదురింటామె లేచింది. పక్కనున్న ఆడపడుచు ఆమె కొంగు పట్టి లాగింది.

“కూసో వదినా. దాంట్లో ఏం కలిపిందో ఏమో!” అంది, చర్చికంతా వినబడేట్టు.

ఆమె కొంగు విడిపించుకుని ఒంటరిగా ముందుకు నడిచింది. మోకాళ్ళూని గిన్నె అందుకుంది. మామూలుగా అందరం పెదవి తడుపుకుని ఇచ్చేస్తాం. ఆమె పెద్ద గుక్క తాగింది. తాగి అక్కడే ఉండిపోయింది.

నేను కూర్చోలేకపోయాను. పోయి ఆమె పక్కన మోకాళ్ళూనాను. రెండేళ్ళ ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది, సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అయ్యగారు ఏమీ అడక్కుండా గిన్నె నాకిచ్చారు. మా వెనక ఎవరెవరు వచ్చారో నేను చూడలేదు.

ఆరాధన అయ్యాక ఆమె తలుపు దగ్గర నాకోసం ఆగింది.

“చక్కెర తక్కువేసినావు మే,” అంది.

“అక్కా, నీకు భయం కాలేదా?”

“యాల కాదు? శానా భయమైంది. రేత్రి నిద్రే పట్టలేదు. నువ్వేమన్నా కలిపింటే నా కొడుకు చేసిన దానికి చెల్లుకు చెల్లు అనుకున్యా. అందుకే అందరికంటే ముందు లేసినా. పోతే నాతోనే పోవల్ల అని.”

నా నోట మాట ఆగలేదు. “నిన్న మందు డబ్బాను చూస్తా కూసున్యా అక్కా.”

ఆమె జారిపోయిన నా పైట సర్దింది.

“ఎవురైనా చూస్తారులే. నేనైనా చూసుందును. తియ్యలేదు గదా. రా, ఇంటికి పోదాం. ఏడ్చి ఏడ్చి గొంతు ఆర్చుకపోయుంటాది, నీళ్ళు తాగుదువు.”

మెట్ల మీద మా ఆయన నిలబడి ఉన్నాడు, మా పార్టీవాళ్ళంతా ఉన్నారు. వాళ్ళ ముందే ఆమె వెంట పోయాను. రెండేళ్ళ తర్వాత ఆ గడప తొక్కాను. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి చెంబు చేతికిచ్చింది. నోటి దగ్గర పెట్టుకోగానే నాకూ భయమేసింది. తాగాను.