రాజేశం అడిగిన ఆరో ప్రశ్న: కోరుట్ల నుంచి సిరిసిల్లకు

ఈరోజు ఆదివారం. నిన్నటి ప్రయాణం మరిచిపోకముందే రాస్తున్నాను. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా తమ్ముడు రాజేశంకు అన్నవాహికలో క్యాన్సర్. ఛాతీ పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల గుండా ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. సోమవారం ఔనో కాదో చెప్పాలి. "సన్న రంధ్రాలేనట అక్కా, వారంల మళ్ల సాంచెల కాడుంట" అన్నాడు ఫోన్లో. సాంచెలంటే వాడి మరమగ్గాలు. ఆ ధైర్యం చూసే నాకు భయమేసి బయలుదేరాను.

ఉదయం ఏడింటికి కోరుట్లలో బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఒళ్లో రాగిజావ ఫ్లాస్కు. "ఏందవ్వా, మనుమరాలి లెక్క పట్టుకున్నవ్?" అన్నాడు కండక్టర్. "దానికీ జీరో టికెట్ కొట్టు" అన్నాను. ముప్పావు గంటలో జగిత్యాల. అక్కడ సర్జన్‌గా ఉన్న నా పాత విద్యార్థిని ముందు ఐదు ప్రశ్నల కాగితం పెట్టాను. "పెద్ద కోతతోని పోలిస్తే గీ పద్ధతిల న్యుమోనియా, నొప్పి తక్కువని పరిశోధనలు చెప్తున్నయి టీచర్. బతికే కాలం విషయంల దానికి తీసిపోలే. గని లోపలి పని అంతే పెద్దది. అన్నవాహిక తీసి, కడుపును గొట్టం లెక్క పైకి గుంజి అతుకుతరు. గా అతుకు కారే ప్రమాదం రెండిట్లనూ ఉంటది" అంది.

వేములవాడలో బస్సు మారి పదకొండున్నరకు సిరిసిల్లలో దిగాను. రాజేశం సాంచెల షెడ్డు దాకా ఆటోకు ముప్పై రూపాయలు. విన్నదంతా దాచకుండా చెప్పాను. రాజేశం ముఖం వాడిపోయింది. "గట్లయితే వద్దక్కా. మింగినన్ని దినాలు మింగుత."

పక్కనే ఒకాయన పాత పోగులకు కొత్తగా నూలు చుట్టిన బీము పోగులు ఒక్కొక్కటీ అతుకుతున్నాడు.

"ఈ పని ఎవరికి పడితే వాళ్లకు ఇస్తావా?" అన్నాను.

"ఏం మాటక్కా! దినాం అతికేటోనికే ఇస్త. చెయ్యి తిరగనోడైతే బట్టంత ఖరాబు." నావైపు తిరిగాడు. "నాకు ఆపరేషన్ చేసే డాక్టరు నెలకు ఎన్ని అతుకుతడు?"

నా కాగితంలో ఆ ప్రశ్న లేదు. అక్కడి నుంచే జగిత్యాలకు ఫోన్ చేశాను. "అసలు అడగాల్సింది గదే టీచర్. ఎక్కువ చేసేకాడనే ఫలితాలు మంచిగుంటయి" అంది.

తర్వాత జావ తాగించాను. "చెంచాలు లెక్కవెడుతున్నవా?" అన్నాడు. "నువ్వు మింగు" అన్నాను. తొమ్మిది.

తిరుగు బస్సులో అనుకున్నాను: డాక్టరుకు చదువు వల్ల తెలిసింది, వాడికి చేతిపని వల్ల తెలిసింది. మీరూ ఇలా వెళ్తే ప్రశ్నలు రాసుకెళ్లండి. చివర ఒక గీత మాత్రం రోగి కోసం ఖాళీగా వదలండి.

ఇక జరగాల్సినవి:

1. సోమవారం ఆ ప్రశ్న రాజేశమే తన నోటితో అడగాలి. జవాబు నచ్చితేనే ఔననాలి.
2. వాడు బీడీ ఈరోజే మానాలి.
3. సాంచెలు వారం కాదు, నెలల పాటు వాడి అల్లుడు చూసుకోవాలి.
4. ఫ్లాస్కు వాడింట్లోనే వదిలి వచ్చాను. రేపు పొద్దున వెళ్లి నేనే నింపాలి.