ఖైరు ఆపా, చప్పుడు లేని కెమెరా

పోయిన నెల కరీంనగర్‌లో ఒక పెళ్ళికి ఫోటోలు తీయడానికి పోయాను. ఫంక్షన్ హాల్లో బగారన్నం వాసన, స్పీకర్ల హోరు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకునేంత జనం. అంత గోలలోనూ నా వెనక ఎక్కడో "టఖ్" మని ఒక చప్పుడు స్పష్టంగా వినిపించింది. పాత డీఎస్ఎల్ఆర్ చప్పుడు అది. దాని కడుపులో చిన్న అద్దం ఒకటి ఉంటుంది. బటన్ నొక్కితే అది పైకి లేచి మళ్ళీ కింద పడుతుంది. ఇప్పుడు మా అందరి చేతుల్లో ఉన్న మిర్రర్‌లెస్‌లలో ఆ అద్దమే లేదు, కావాలంటే చప్పుడే లేకుండా తీయవచ్చు. అందుకే ఆ మోత ఈ మధ్య ఎక్కడా వినపడటం లేదు. నా తల దానంతట అదే అటు తిరిగింది. ఎవరిని తీశారు? చెప్పి తీశారా, చెప్పకుండా తీశారా? తీరా చూస్తే ఒక పెద్దాయన తన మనవరాలిని నిలబెట్టి తీసుకుంటున్నాడు. అది తెలిశాక కూడా నా మనసు కుదుటపడటానికి కాసేపు పట్టింది. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఖైరున్నీసా ఆపా అంటించిన జబ్బు.

మాది హుజూరాబాద్. బాపుకు అక్కడ చిన్న స్టూడియో ఉండేది కాబట్టి కెమెరా పట్టుకోవడం నాకు ముందే వచ్చు. పెళ్ళయ్యాక ఆదిలాబాద్ వచ్చాం. మా ఆయనది పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో పని. ఊళ్ళో ఒకావిడ ఆడ ఫోటోగ్రాఫర్ ఉందని, తోడు కోసం చూస్తున్నదని ఆయనే విని వచ్చాడు. మగవాళ్ళను రానివ్వని ఆడవాళ్ళ గదుల్లోకి పోయి పెళ్ళి ఫోటోలు తీయడం ఆమె పని. నిర్మల్, భైంసా దాకా పేరుంది. వయసులో నాకు తల్లి వరస, అయినా ఊరందరికీ ఆమె ఆపానే, అంటే అక్కే. పత్తి వ్యాపారి కొట్టు పైన ఉన్న ఆమె స్టూడియోకు పోయిన మొదటి రోజు నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"ఎవలు పంపిండ్రు నిన్ను?" అని అడిగింది.

"మా ఆయన."

"ఆయన్నెవలు పంపిండ్రు?"

చాయ్ వచ్చింది. రెండు కప్పుల్లో ఒకటి నా ముందుకు జరిపి, నేను తాగేదాకా చూసి, అప్పుడు తన కప్పు ఎత్తింది. అది మర్యాదో అనుమానమో నాకు ఈనాటికీ తేలలేదు. తన నీడను తాను నమ్మని మనిషి. కింది వ్యాపారిని నమ్మదు, ఫ్లాష్ బ్యాటరీని నమ్మదు, మబ్బు లేని ఆకాశాన్ని నమ్మదు. ఆధార్ కార్డు కోసం పోయినప్పుడు, ఈ ఫోటో ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు అని అక్కడి మనిషిని అడిగి అడిగి, వెనక లైను మొత్తాన్నీ సతాయించిందట. వినీ వినీ నాకు నవ్వు వచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

ఆమెతో ఆడవాళ్ళ గదిలోకి పోయాకే ఆ అనుమానానికి అర్థం తెలిసింది. లోపలికి పోగానే కెమెరా బయటికి తీయదు. ముందు కిటికీలు చూస్తుంది. వెంటిలేటర్‌కు గుడ్డ కడుతుంది. ఫోన్లన్నీ బోర్లా పెట్టిస్తుంది. గదిలో అద్దం ఉంటే దానికి ఎదురుగా నిలబడి, అందులో పక్క గది వాకిలి కనిపిస్తున్నదా అని చూస్తుంది. ఆ తర్వాతే కెమెరా ఎత్తి, "తీస్తున్న" అని పైకి అంటుంది. అప్పుడు ఆడవాళ్ళు దుపట్టా వెనక్కి జరిపి మొహం చూపిస్తారు. టఖ్. వెంటనే దుపట్టాలు మళ్ళీ ముందుకు వస్తాయి. ఆ చప్పుడు వాళ్ళకు హద్దు లాంటిది. చప్పుడు దాకా మొహం ఆపాది, చప్పుడు తర్వాత ఎవరి మొహం వాళ్ళది. బయట పరదాలో ఉండే ముసలమ్మలు ఆ గదిలో పళ్ళన్నీ కనపడేలా నవ్వడం నేను చూశాను.

ఒకసారి స్టూడియోలో లెన్సు సరిచూస్తూ కెమెరాను ఊరికే ఆమె వైపు తిప్పాను. అరచేయి తెచ్చి లెన్సుకు అడ్డం పెట్టింది.

"ఒక్కటి తీస్త ఆపా," అన్నాను.

"నాది వద్దు."

"ఎందుకు వద్దు?"

"నువ్వడిగినవ్, నేను వద్దన్న. ఇగ ఎందుకంటవేంది? గది అడుగుడు గాదు, గుంజుడు."

ఆమె కొడుకు యూసుఫ్ సౌదీలో, దమ్మామ్‌లో పని చేసేవాడు. ఒకసారి సెలవు మీద వస్తూ అమ్మ కోసం కొత్త మిర్రర్‌లెస్ తెచ్చాడు. ఎంతో ఇష్టపడి కొన్న వస్తువు. ఆపా దాన్ని చేతిలోకి తీసుకోకుండానే చుట్టూ తిరిగి చూసి, "నువ్వే పట్టు బిడ్డా. కరిస్తే నిన్నే కరుస్తది," అని నాకు ఇచ్చింది. యూసుఫ్ మొహం చిన్నబోయింది. వాడి కోసం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూద్దామని నేనే అన్నాను. పక్క దుకాణంలో బట్టలు కుట్టే రాజవ్వను పిలిచి కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. ఒకే వెలుతురులో రెండింటితోనూ తీసి కంప్యూటర్‌లో వేసి చూశాం. కొత్త దానిలో రాజవ్వ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా తెలిశాయి. నల్ల చీర మడతలు కూడా విడిగా కనిపించాయి. పాత దానిలో చీరంతా ఒకటే నలుపు. రాజవ్వ తల తిప్పినా కొత్తది ఆమె కన్నును వదలకుండా పట్టుకున్నది. ఆపా చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది. గదే నాకు అనుమానం," అంది.

తర్వాత కొత్తదాన్ని కంటికి ఆనించుకుని చటుక్కున దించేసింది. "దీంట్ల టీవీ ఉన్నది గద. పాతదాంట్ల నాకు రాజవ్వ కనవడుతుండె. దీంట్ల రాజవ్వ బొమ్మ కనవడుతున్నది. గది చూపెట్టేది నిజమేనని నాకెట్ల తెల్వాలె?"

అద్దంలో నుంచి కనిపించేది మనిషి, తెర మీద కనిపించేది బొమ్మ. ఆ తేడా నేను అంతకు ముందు ఆలోచించలేదు. అయితే నాకు కొత్త కెమెరా మీద మోజు పుట్టింది. చేతికి తేలిక, చీకట్లో కూడా బెదరదు. బ్యాటరీ మాత్రం పెళ్ళి సగంలోనే మార్చాలి. దానికి ఆపా 'తిండిపోతు' అని పేరు పెట్టింది.

ఆ తిండిపోతునే తీసుకుని భైంసాలో ఒక పెళ్ళికి పోయాను. ఆపా పాతదానితో చుట్టాల వైపు, నేను పెళ్ళికూతురి గదిలో. నిఖా వేళకు పెద్దమనుషులు వచ్చి పరదా అవతల నిలబడి, ఈ పెళ్ళి నీకు సమ్మతమేనా అని పెళ్ళికూతురిని అడిగారు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. అంత నిశ్శబ్దంలో టఖ్‌మంటే బాగుండదని నేను కెమెరా చప్పుడు ఆపేశాను. ఆ పిల్ల దుపట్టా వెనక్కి జారింది. సమ్మతమని చెప్పే ఖబూల్ మాట అనబోతూ ఆగింది, కళ్ళలో నీళ్ళు నిలిచాయి. నేను తీస్తూనే ఉన్నాను. అంతకు మించిన ఫోటోలు నేను అప్పటిదాకా తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు.

కొన్ని రోజులకు పొద్దున్నే ఆపా మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ పిల్ల దుపట్టా లేకుండా ఉన్న ఫోటో ఒకటి భైంసాలో ఫోన్లలో తిరుగుతున్నదట. అత్తగారి వాళ్ళు చూశారట. పుట్టింటివాళ్ళు అడుగుతున్నది ఒకటే మాట: చప్పుడు లేని కెమెరాతో గదిలో ఉన్నది ఎవరు?

"కెమెరా తే," అంది ఆపా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చేయని నేను తడబడుతూ కెమెరా తెచ్చి ఇచ్చాను. ఆమె కుర్చీలో కూర్చుని కెమెరాలోనే ఫోటోలన్నీ చూసింది. మా ఆయన ఆఫీసుకు పోవాల్సినవాడు పోకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. ఫోన్లో తిరుగుతున్నది కిటికీ వైపు నుంచి తీసిన నిలువు ఫోటో అని ఆమె మాటల్లోనే తెలిసింది. నేను ఉన్నది రెండో వైపు. కాబట్టి అది నేను తీసింది కాదని ఆమె అంటుందేమోనని చూశాను. అనలేదు. ఖబూల్ వేళ ఫోటోల దగ్గర ఆగింది.

"గివి తీస్తున్నట్టు పిల్లకు ఎర్కేనా?"

"అందరు సప్పుడు జెయ్యకుండ ఉన్నరు ఆపా. గందుకే..."

"పెండ్లి నీకిష్టమేనా అని పిల్లను పరదా బయట నిలవడి అడిగిండ్రు. నువ్వు పరదా లోపల నిలవడి అడగకుంటనే తీసుకున్నవ్."

అదే రోజు బస్సులో భైంసా పోయాం. నాకు ఏడుపు, కోపం రెండూ వస్తున్నాయి. నన్ను దొంగను చేసిందని కోపం. ఆడవాళ్ళ గది తలుపు ఒకసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదు, ఆపా బతుకంతా ఆ తలుపే అని భయం. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరూ నా మొహం చూడకుండా నా చేతిలోని కెమెరాను చూశారు. నిప్పు లేనిదే పొగ రాదని ఎవరో గొణిగారు. నా తరఫున ఆపా ఒక్క మాట అనలేదు. కెమెరా పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టి, "అన్నీ మీరే సూడుండ్రి. వద్దన్నవి మీ చేత్తోనే తీసెయ్యుండ్రి," అంది. ఆమె చూసింది. ఫోన్లో తిరుగుతున్నది అందులో లేదు. అయినా ఖబూల్ వేళ ఫోటోలన్నీ తీసేసింది. నా కళ్ళ ముందే ఒక్కొక్కటీ పోయింది.

ఆ ఫోటో పెట్టింది పెళ్ళికూతురి మేనత్త కూతురని, కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో తీసి సంబరంగా స్టేటస్‌లో పెట్టుకుందని ఆ తర్వాత బయటపడింది. వాళ్ళే ఫోన్ చేసి ఏమీ అనుకోవద్దన్నారు. నేను ఆపా దగ్గరికి పోయి, ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది అడిగేశాను.

"ఇప్పుడన్న నన్ను నమ్ముతవా ఆపా?"

"నమ్మ," అంది. చాయ్ కప్పు నా ముందుకు జరిపింది. "నువ్వు మంచిదానివే. గది ఏరే ముచ్చట. ఆడోళ్ళు నన్ను గిన్నేండ్లు లోపలికి రానిచ్చింది నేను మంచిదాన్నని కాదు బిడ్డా. సప్పుడు ఇనవడుతదని. మంచితనం ఎవలకు కనవడ్తది? సప్పుడైతే చెవులున్నోళ్ళందరికి ఇనవడ్తది."

ఆ రోజు నాకు ఆ మాట నచ్చలేదు. నమ్ముతున్నానని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోతుందని ఇంటికి వచ్చి మా ఆయనతో పోట్లాడాను. కానీ మరునాటి నుంచి కొత్త కెమెరాకు చప్పుడు పెట్టాను. దానికి లోపల అద్దం లేదు కాబట్టి ఆ చప్పుడు పీలగా, సగం అబద్ధంలా ఉంటుంది. అందుకని నోటితో కూడా అనడం మొదలుపెట్టాను: తీస్తున్న. అయిపోయింది.

మా ఆయన పని మారి కరీంనగర్ వచ్చేశాం. ఇక్కడే చిన్న స్టూడియో పెట్టుకున్నాను. యూసుఫ్ తెచ్చిన కెమెరాను ఆపా నాకే ఇచ్చి పంపింది, "నాకు దాని మీద నమ్మకం లేదు" అని. చివరిసారి నేను ఆదిలాబాద్ పోయింది చలికాలంలో. ఆపా బాగా చిక్కిపోయి ఉంది. డాబా మీద ఎండలో మంచం వేసుకుని కందికాయలు ఒలుస్తూ, ఒలుస్తూనే కళ్ళు మూసుకుంది. పక్కనుంచి ఎండ ఆమె చెంప మీద పడుతున్నది. అటువంటి వెలుతురు కోసం మేము పొద్దంతా కాచుకుని కూర్చుంటాం. కెమెరా నా ఒళ్ళోనే ఉంది. చప్పుడు ఆపడం ఒక్క బటన్ పని. నా వేలు ఆ బటన్ మీదికి పోలేదని చెప్పను. పోయింది, ఆగింది.

కళ్ళు తెరవకుండానే ఆపా అంది, "తీసినవా?"

"తియ్యలే ఆపా."

"నాకెట్ల తెల్వాలె?"

కెమెరా ఆమె చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని, ఆ రోజు తీసినవన్నీ చూసింది. చేటలో కందికాయలు, పిట్టగోడ మీద ఆరేసిన మిరపకాయలు, పక్కింటి పిల్లి. చివరిదాకా చూసి కెమెరా తిరిగి నా ఒళ్ళో పెట్టి, "మ్" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ "మ్" నాకు ఎవరి మెచ్చుకోలు కన్నా ఎక్కువ.

ఎండలు ముదరకముందే ఆపా పోయింది. దమ్మామ్ నుంచి వచ్చిన యూసుఫ్ అన్నీ ముగిశాక కరీంనగర్‌లో నా స్టూడియోకు వచ్చాడు. ఫోన్లో పెట్టుకోవడానికి అమ్మ ఫోటో ఒకటి కావాలన్నాడు. లేదన్నాను. నమ్మలేదు.

"గది నేను తెచ్చిన కెమెరానే కద అక్కా. సప్పుడు సుత లేదు. ఎప్పుడో ఒకటన్న తీసే ఉంటవ్. అమ్మీకి చెప్పకపోతివి గావచ్చు గని, నాకియ్యరాదు."

ఆ చలికాలం ఫోటోలు తెరిచి అతని ముందు పెట్టాను. కందికాయలు, మిరపకాయలు, పిల్లి. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. అతని కళ్ళు తడిశాయి.

"అమ్మీ నిన్ను గంత నమ్మె గద అక్కా. ఒక్కటి తీస్తే ఏమయ్యేది?"

"నమ్మలేదు తమ్మీ. చూసుకున్నది," అన్నాను.

అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. జేబులోంచి అమ్మ ఆధార్ కార్డు తీసి, ఇదన్నా జర పెద్దగా చేసి ఇమ్మన్నాడు. అది తప్ప లోకంలో ఆమె ఫోటో ఇంకోటి లేదు. కంప్యూటర్‌లో వేసి పెంచితే మొహమంతా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మొహం మొహంగా మిగిలేదాకా మళ్ళీ తగ్గించాను. కనుబొమలు ముడిచి, తీస్తున్న యంత్రాన్ని ఆపా నిలదీస్తున్నట్టు చూస్తున్నది. ఆ ఒక్క ఫోటోలో కూడా ఆమె ఎవరినీ నమ్మలేదు. యూసుఫ్ దాన్ని ఫోన్లో వేసుకుని పోయాడు. నేను తెర ముందే కూర్చుండిపోయాను. తీసినవా అని ఆమె నన్నే అడుగుతున్నట్టు అనిపించింది.

"తియ్యలే ఆపా," అన్నాను, ఎవరూ లేని స్టూడియోలో, పైకే.